ఇల్లరికం వచ్చిన ఎక్స్‌ట్రా ట్యాంకు గారికి

పికప్ తొట్టిలో క్యాబిన్ వీపుకి ఆనుకుని దర్జాగా కూర్చున్న ఎక్స్‌ట్రా డీజిల్ ట్యాంకు గారికి, విజయవాడ ఆటోనగర్ నుంచి నమస్కారాలు.

సొంత ట్యాంకు బండితో పాటు పుట్టిన కొడుకు. చాసిస్ కింద కంపెనీ చూపించిన చోట నోరెత్తకుండా పడుంటుంది. తమరేమో అల్లుడు, పైగా ఇల్లరికం. తమర్ని తెచ్చుకునే ఓనర్లందరిదీ ఒకటే ప్రశ్న: "ఎన్ని లీటర్లు పడుతుందండీ?" అబ్బాయి గాలి ఎక్కణ్ణుంచి పీలుస్తాడు, వాడగా మిగిలింది ఎవరికి తిరిగిస్తాడు, బరువెంత అని అడిగిన మావగారు అరుదు.

ముందు కట్నం లెక్క తేలుద్దాం. తమరు 120 సెంటీమీటర్ల పొడుగు, 40 వెడల్పు, 25 ఎత్తు అనుకుంటే 120 లీటర్లు. అయిదు శాతం ఖాళీ వదలాలి గనక పోసేది 114. లీటరుకి 830 గ్రాముల చొప్పున డీజిలే 95 కిలోలు. 3 ఎంఎం ఇనప రేకుతో తమరి ఒళ్ళు, లోపలి అడ్డపలకలతో కలిపి 45. బ్రాకెట్లు, బోల్టులు, పంపు ఇంకో పది. మొత్తం 150 కిలోలు. గుంటూరు యార్డు లెక్కలో మూడు మిర్చి టిక్కీల (బస్తాల) పైమాటే. తమిళనాడులోనో కర్ణాటకలోనో చవగ్గా నింపుకొస్తే ఇంత మిగిలిందని ఓనరు వేళ్ళు మడిచి మురిసిపోతాడు. తమరి కోసం దించేసిన మూడు టిక్కీల కిరాయి ఆ వేళ్ళ మీదకి రాదు. దించకపోతే సంగతి వేబ్రిడ్జి దగ్గర తేలుతుంది.

తమరి పుట్టుక గురించి కూడా రెండు ముక్కలు. తుప్పు పట్టదని జీఐ (జింకు పూత) రేకుతో చేయించే తెలివైనవాళ్ళున్నారు. ఆ పూతలోని జింకు డీజిల్లో కరిగి జిగటగా మారి ఫిల్టర్లకీ ఇంజెక్టర్లకీ పడుతుంది. రేకులో మిగిలించిన డబ్బు ఇంజెక్టర్ల షాపులో కట్టొస్తారు. మామూలు ఇనుమో, అల్యూమినియమో చాలు. లోపల రెండు అడ్డపలకలు, వాటి కింది మూలల్లో, పై మూలల్లో కోతలు ఉండాలి. ఆ పలకలు లేకపోతే బ్రేకు కొట్టినప్పుడల్లా 95 కిలోలూ ఒకేసారి క్యాబిన్ వైపు ఉరుకుతాయి.

లీకు పరీక్షకి టైర్ల కంప్రెసరు గొట్టం తెచ్చి బిగించేవాళ్ళని చూస్తే మాకు చెమటలు పడతాయి. 3 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 3 పౌండ్ల ఒత్తిడి) చాలండీ బాబూ. అంత చిన్న గాలి కూడా తమరి పైరేకు మీద ఒక టన్ను తోపుడుతో సమానం. 30 ఎక్కిస్తే తమరు ట్యాంకు మానేసి బుడగ అవుతారు. 3 పట్టించి, అతుకుల మీద సబ్బు నీళ్ళు రాసి, నురుగు ఎక్కడ లేస్తుందో చూడాలి. ఈ పని డీజిల్ పోయకముందే. ఒకసారి పోశాక ఖాళీ చేసినా లోపల ఆవిరి ఉంటుంది. దాన్ని కడిగించకుండా వెల్డింగుకి పట్టుకెళ్ళేవాడి దగ్గర మేం నిలబడం.

ఇక తమరి అలకలు. గాలి గొట్టం మూసుకుపోతే పంపు ఊ ఊ అని మూలుగుతుంది, చుక్క రాదు. లోపల గాలి చొరబడక రేకు డొక్క పీల్చుకుంటుంది. 8 ఎంఎం గొట్టం పైకి ఒక చుట్టు తిప్పి, కొసన దుమ్ము ఆగే ఫిల్టరు, బండి బోల్తా పడితే మూసుకునే వాల్వు పెడితే అలక తీరుతుంది. ఆ అయిదు శాతం ఖాళీ కూడా తమరి మర్యాదకే. పొద్దున నింపిన 114 లీటర్లు బెజవాడ ఎండలో 15 డిగ్రీలు వేడెక్కితే దాదాపు లీటరున్నర పెరుగుతాయి. చోటు లేకపోతే మూత దగ్గర కక్కుతారు.

అసలు కాపురం చెడేది పైపుల దగ్గర. తమరు ఎత్తులో ఉన్నారు గనక వాల్వు లేకుండా ఒక గొట్టం కిందకి వేస్తే సరిపోతుందని కొందరి భ్రమ. కింది ట్యాంకు నిండాక కూడా తమరు ధారపోస్తూనే ఉంటారు. అది దాని గాలి గొట్టంలోంచి రోడ్డు మీదకి కారుతుంది. కనకదుర్గ వారధి మీద వెనక వచ్చే స్కూటరువాడు మీ ఉదారతకి జారిపడతాడు.

ఇంకొందరు నేరుగా ఇంజనుకే తమర్ని కలిపి, మధ్యలో మూడు దారుల కాక్ (తిప్పుడు వాల్వు) పెడతారు. ఇంజను లాక్కున్నదంతా కాల్చదు. కామన్ రైల్ బండి (ఒకే గొట్టంలోంచి అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ పంచేది) మిగిలిన వేడి డీజిల్ని రిటర్ను పైపులో వెనక్కి పంపుతుంది. తమరి దగ్గర అప్పు తీసుకుని బావమరిదికి తీర్చడమన్నమాట! అప్పటికే నిండి ఉన్న సొంత ట్యాంకు పొర్లుతుంది. తీసుకునే దారినీ తిరిగిచ్చే దారినీ కలిపి మార్చే ఆరు దారుల వాల్వు ఉంది, ఖరీదు ఎక్కువ.

మా ఓటు చిన్న 12 వోల్టుల పంపుకే. తమరి నుంచి సొంత ట్యాంకులోకి గంటకి 100 లీటర్లు తోసేది చాలు. 5 యాంపుల ఫ్యూజు, కీ తీస్తే ఆగిపోయేలా రిలే. సొంత ట్యాంకు పావుకి వచ్చినప్పుడు పావుగంట నడిపితే 25 లీటర్లు దిగుతాయి. బంకుల్లో వాడే పెద్ద పంపు పెడితే ముప్పావు నిమిషంలో 30 లీటర్లు దిగి, డ్రైవరు టీ కప్పు అందుకునేలోపే పొర్లుతుంది. గొట్టం నైట్రైల్ రబ్బరుది కావాలి, తోటకి నీళ్ళు పెట్టే పీవీసీ డీజిల్‌కి గట్టిపడి పగులుతుంది. తమరి ఒంటినుంచి చాసిస్‌కి ఒక రాగి తీగ ఎర్తు. పీల్చే గొట్టం అడుగు నుంచి 15 ఎంఎం పైన ఆగాలి. ఆ కింద ఉండిపోయే ఏడు లీటర్లలో నీళ్ళూ మడ్డీ చేరతాయి, నెలకోసారి డ్రెయిన్ బోల్టు విప్పి వదిలేయాలి.

అన్నట్టు, తమరి పెళ్ళి రిజిస్టరు కాలేదు. ఆర్‌సీలో తమరి పేరు లేదు. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదంటుంది. 182ఏ ప్రకారం ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అందుకే ముహూర్తానికి ముందు రవాణా ఆఫీసులో అడిగి, కాగితం మీద జవాబు తీసుకోమని మీ మావగారికి చెప్పండి. బిగించాక అడిగితే వాళ్ళు ఫొటో తీసుకుంటారు.

ఇట్లు,
స్పానర్లు పట్టుకుని తమరి చుట్టూ తిరిగేవాళ్ళు

తా.క.: మొదటి వారం లోడు తిరిగాక క్లాంపు బోల్టులు ఇంకోసారి బిగించాలి. కింద వేసిన రబ్బరు అణిగి పట్టు వదులవుతుంది. గుంతలో పడ్డప్పుడు తమరు టంగుమంటే డ్రైవరు పాట సౌండు పెంచుతున్నాడు.