వంకాయ మీద పడ్డ కేసు

మోచేతి మడతలో చర్మం ఎర్రబడి, గరుకుతేలి, పిల్లాడు రాత్రంతా గోక్కుంటున్నాడంటే హైదరాబాద్ ఇళ్లలో మొదటి ముద్దాయి వంకాయ. కరీంనగర్ నుంచి నానమ్మ వీడియో కాల్‌లోనే తీర్పు చెప్పేస్తుంది: "వంకాయ పెట్టినవా బిడ్డా? మరి గోకుడు పుట్టకుంట ఏమైతది!" ఆ సాయంత్రమే గుడ్డు బంద్. మర్నాడు పాలు. ఆపైన పల్లీలు, గోంగూర. వారం తిరిగేసరికి రెండేళ్లవాడి కంచంలో బీరకాయ కూర, అన్నం మిగులుతాయి. గోకుడు మాత్రం ఎక్కడికీ పోదు.

ఎలా పోతుంది? ఇది ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు. ఇందులో చర్మం పైపొరే బలహీనం. తేమ నిలవదు, చికాకు పెట్టేవన్నీ లోపలికి దూరతాయి. పథ్యంతో తగ్గేది కొద్దిమందికే. గుడ్డు తిన్న కొద్ది నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు వస్తే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. అవేమీ లేకుండా ఇంటి పెద్దల తీర్పు మీద పాలూ గుడ్డూ నెలలకొద్దీ మానిపిస్తే ఎదుగుదల కుంటుపడుతుంది. మళ్లీ పెట్టిన రోజున నిజమైన అలర్జీ ఎదురయ్యే ప్రమాదమూ ఉంది. చారన్నం తిన్నాక మూతి చుట్టూ ఎర్రబడితే చాలాసార్లు అది పులుపు తగిలిన మంటే. తినిపించే ముందు అక్కడ కాస్త పెట్రోలియం జెల్లీ రాస్తే సరి.

అసలు ముద్దాయిలు ఉండేది బాత్‌రూమ్‌లో. ఆదివారం నలుగు పెట్టి రుద్దిన రుద్దుడు, గీజర్ నుంచి పొగలు కక్కే బోరు నీళ్లు, "క్రిములు చావాలి" అని బకెట్లో పోసిన యాంటీసెప్టిక్, ఆపైన టర్కీ టవల్‌తో తోమినంత పని. వీటి మీద ఏ నానమ్మా కేసు పెట్టదు.

చేయాల్సింది చిన్న పనే. గోరువెచ్చటి నీళ్లు, 5 నుంచి 10 నిమిషాల స్నానం, వాసన లేని క్లెన్సర్. మెత్తని గుడ్డతో అద్ది, ఒళ్లు పూర్తిగా ఆరకముందే, 3 నిమిషాల్లోపే మాయిశ్చరైజర్. ఎంత? ఒళ్లంతా పొడిబారే పిల్లలకు వారానికి 250 గ్రాములైనా. మన నాన్నలేమో 50 గ్రాముల ట్యూబు రెండు నెలలు నడిపి, "ఇంకా ఉంది" అని మురిసిపోతారు. పథ్యంలో ధారాళం, క్రీములో పీనాసితనం.

స్టెరాయిడ్ క్రీము దగ్గర ఈ పీనాసితనం భయంగా మారుతుంది. డాక్టర్ "వేలి కొనంత" అంటే పెద్దవాళ్ల చూపుడువేలి మొదటి కణుపు దాకా ట్యూబు నుంచి పిండిన గీత. అర గ్రాము. వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. నాన్న కొలిచేది పిల్లాడి వేలితో! పైగా ఫోన్లో ఫొటో చూపిస్తే మెడికల్ షాపు కుర్రాడు ఇచ్చే తామర ట్యూబులో చాలాసార్లు అంతకన్నా ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. ఆ సంగతి ఎవరూ చదవరు.

సరే, ఈ ఆదివారం నాన్నకు జ్ఞానోదయమైంది. కొత్త డబ్బా తెరిచాడు. వేళ్లు ముంచకుండా శుభ్రమైన స్పూన్‌తోనే తీశాడు, అంతవరకు భేష్. బాత్‌రూమ్‌లోనే నిలబెట్టి మెడ నుంచి పాదాల దాకా దట్టంగా పట్టించాడు. పిల్లాడు చేపలా జారి, డబ్బా చంకన పెట్టుకుని బయటపడి, తలుపు లాగేశాడు. గుండ్రటి నాబ్, నాన్న అరచేతుల నిండా క్రీము. నాబ్ తిరగదు. చేతులు తుడుచుకునే గుడ్డ హాల్లో సోఫా మీద ఉంది.

"కన్నా, తలుపు తియ్యి నాన్నా!"

కన్నా పనిలో ఉన్నాడు. వారానికి రావలసిన 250 గ్రాములూ టీవీకి పట్టిస్తున్నాడు, మూలమూలలా, ఎక్కడా పొడిబారకుండా.