‘మామూలే’ అన్న మాట ఎక్కడ ఆగాలి?

కాళ్లు వాచాయంటే మామూలే. ఆయాసమంటే మామూలే. గుండెల్లో మంట, నిద్ర పట్టకపోవడం, తుమ్మితే మూత్రం పడటం... గర్భిణి ఏది చెప్పినా చుట్టూ ఉన్నవాళ్ల జవాబు ఆ ఒక్క మాటే. ధైర్యం చెప్పడానికే అంటారు. చాలాసార్లు అది నిజం కూడా. కానీ ఎందుకు మామూలో తెలియకుండా ఆ మాట అనేస్తే, ఎప్పుడు మామూలు కాదో కూడా తెలియకుండా పోతుంది. నా అభ్యంతరమంతా అక్కడే.

గర్భిణిని ‘వట్టి మనిషి కాదు’ అంటాం. ఆ మాటలో ఉన్నదానికన్నా ఎక్కువ పనే ఆమె ఒంట్లో జరుగుతుంటుంది. నెలలు నిండేసరికి శరీరంలో రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. నిమిషానికి గుండె తోడిపోసే రక్తం 30 నుంచి 50 శాతం ఎక్కువవుతుంది. ఇదంతా పొట్ట ఎత్తుగా కనిపించాక మొదలయ్యేది కాదు, తొలి వారాల్లోనే మొదలవుతుంది. నెల తప్పిన కొత్తలో కుర్చీలోంచి లేవాలంటేనే నీరసంగా ఉందనే అమ్మాయిని ‘ఇప్పుడే ఇలా అయితే ఎలా?’ అని అడగడం అన్యాయం. ఆమె గుండె అప్పటికే అదనపు పని నెత్తిన వేసుకుంది.

పెరిగే రక్తంలో ఎర్రకణాలకన్నా ప్లాస్మా అనే ద్రవం వాటా ఎక్కువ. అందుకే రక్తం కాస్త పలచబడి హిమోగ్లోబిన్ కొంత దిగుతుంది. ఈ దిగడానికి ఒక హద్దుంది. మొదటి, చివరి మూడు నెలల్లో 11 గ్రాములకన్నా, మధ్య మూడు నెలల్లో 10.5 గ్రాములకన్నా తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ‘గర్భిణికి రక్తం తగ్గడం సహజమే’ అనేవాళ్లకు ఈ అంకె గుర్తుండాలి.

వాపు సంగతి ఇంకా ముఖ్యం. శరీరం నీటిని పట్టి ఉంచుకుంటుంది. పెరిగిన గర్భసంచి కాళ్ల నుంచి పైకి వెళ్లే సిరల మీద ఒత్తిడి పెడుతుంది. సాయంత్రానికి పాదాలు ఉబ్బి, పడుకుని లేచేసరికి తగ్గితే కంగారు అక్కర్లేదు. అదే వాపు ముఖానికీ చేతులకూ ఉన్నట్టుండి వస్తే, తలనొప్పి వదలకపోతే, కళ్ల ముందు మెరుపులు కనిపిస్తే, కుడి డొక్క పైభాగంలో నొప్పి ఉంటే వెంటనే బీపీ చూపించుకోవాలి. 20 వారాలు దాటాక అది 140/90కి చేరితే వైద్యులు మొదట అనుమానించే వాటిలో ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంలో బీపీ పెరిగి ఇతర అవయవాలనూ దెబ్బతీసే జబ్బు, ఒకటి. అది ముదిరి ఫిట్స్ వస్తే పాతతరం గుర్రపువాతం అనేది. చాలామందిలో దీని మూలం మాయ (ప్లాసెంటా) దగ్గర ఉంటుంది. మాయకు రక్తాన్నిచ్చే నాళాలు గర్భం తొలి నెలల్లో వెడల్పు కావాలి. అవి సరిగా తెరుచుకోకపోతే ఆ ఫలితం నెలల తర్వాత తల్లి బీపీలో, మూత్రపిండాల్లో, కాలేయంలో బయటపడుతుంది. మామూలుగా అయితే గర్భం మధ్య నెలల్లో బీపీ కొంచెం తగ్గాలి. తగ్గాల్సిన సమయంలో పెరిగిందంటే దాన్ని టెన్షన్ వల్లేనని తోసిపుచ్చకూడదు.

ఇక కాన్పు. సుమారు 70 గ్రాముల గర్భసంచి నెలలు నిండేసరికి కిలో పైచిలుకు కండరమవుతుంది. బిడ్డను బయటికి నెట్టడంతో దాని పని అయిపోయిందనుకుంటాం. అసలు పరీక్ష ఆ తర్వాతే. నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం పారుతుంది. మాయ ఊడిన చోట ఆ నాళాల నోళ్లన్నీ తెరుచుకుని ఉంటాయి. వాటి చుట్టూ అడ్డదిడ్డంగా అల్లుకున్న కండరపు పోగులు గట్టిగా ముడుచుకుని నాళాలను నొక్కేస్తేనే రక్తం ఆగుతుంది. ముడుచుకోకపోతే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. కాన్పు తర్వాత అధిక రక్తస్రావానికి ప్రధాన కారణం ఇదే.

ఇక్కడ కూడా ‘కాన్పన్నాక ఆ మాత్రం రక్తం పోదా’ అనే మాట వినిపిస్తుంది. ఆ మాత్రం అంటే ఎంత? కంటి అంచనా తరచూ తక్కువ చూపిస్తుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2023లో వెలువడింది. బాలింత కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచి రక్తాన్ని కొలిచారు. హద్దు దాటగానే గర్భసంచిని మర్దన చేయడం, మందులు, సెలైన్ వంటి చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దాన్ని ఆపేందుకు పొట్ట కోయాల్సి రావడం, దానివల్ల మరణం కలిపి లెక్కిస్తే 60 శాతం తగ్గాయి. కొత్త మందేమీ కనిపెట్టలేదు. అంచనాను పక్కనపెట్టి కొలిచారు, కొలిచిన వెంటనే కదిలారు. ఈ విషయం చదివిన ప్రతిసారీ ఇన్నేళ్లూ కొలవకుండా పోగొట్టుకున్నవాళ్లు గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది.

బిడ్డ పుట్టగానే చూపులన్నీ ఉయ్యాల వైపు తిరుగుతాయి. తల్లి శరీరంలో అతి వేగమైన మార్పులు జరిగేది సరిగ్గా అప్పుడే. మాయతోపాటే ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ ఒక్కసారిగా పడిపోతాయి. పాలు పడటానికి దారి తీసేది ఆ పతనమే. రెండు మూడు రోజులకు కారణం లేకుండా ఏడుపు ముంచుకురావడంలో దాని పాత్ర ఉంది. ఆ ఏడుపు రెండు వారాల్లో తగ్గిపోవాలి. తగ్గకపోయినా, బిడ్డమీద కూడా మనసు పోకపోయినా అది కుంగుబాటు కావచ్చు, చికిత్స ఉంది. కాన్పులో రక్తం పోకుండా గడ్డకట్టే గుణాన్ని శరీరం ముందే పెంచుకుంటుంది. ఆ రక్షణే తర్వాతి ఆరు వారాలు ముప్పుగా మారుతుంది. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, హఠాత్తుగా ఊపిరి అందకపోవడం రక్తపు గడ్డకు సంకేతాలు కావచ్చు. ప్రీఎక్లాంప్సియా కూడా కాన్పయ్యాక తొలిసారి బయటపడే వీలుంది.

వీటికన్నా నెమ్మదిగా బాధించేవీ ఉన్నాయి. మూత్రం ఆపుకోలేకపోవడం, నడుం నొప్పి, కలయికలో నొప్పి. ప్రసవం వల్ల దీర్ఘకాలిక సమస్యలతో మిగిలే మహిళలు ఏటా కనీసం 4 కోట్ల మంది ఉంటారని 2023 డిసెంబరులో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన వ్యాసం అంచనా వేసింది. ఇంతమందికి ఉంది కాబట్టి మామూలే అనడం తప్పుడు తర్కం. చాలామందికి ఉన్నంత మాత్రాన భరించాల్సిందేనని కాదు. కటి కింది కండరాలకు ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలతో మూత్ర సమస్య ఎంతోమందికి తగ్గుతుంది. చెప్పుకోవడానికి సిగ్గుపడి, చెబితే ‘పిల్లలు పుట్టాక అంతే’ అనిపించుకుని ఏళ్లకేళ్లు గడిపేస్తున్నారు.

కాన్పు తర్వాత మొదటి 24 గంటల్లో, 48–72 గంటల మధ్య, 7–14 రోజుల మధ్య, ఆరో వారంలో... ఇలా కనీసం నాలుగుసార్లు తల్లినీ బిడ్డనూ చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరో వారంతో ఫైలు మూసేయడం నా దృష్టిలో తొందరపాటే. ప్రీఎక్లాంప్సియా వచ్చిన మహిళకు తర్వాతి జీవితంలో గుండెజబ్బు ముప్పు ఇంచుమించు రెట్టింపు. గర్భంలో షుగర్ వచ్చినవారికి తర్వాత టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా యాభై ఏళ్ల మహిళ ఛాతీ నొప్పితో వెళ్తే పొగ తాగుతారా, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బుందా అని అడిగే డాక్టర్లలో, మీ కాన్పుల్లో బీపీ వచ్చిందా అని అడిగేవాళ్లు తక్కువ. అడగకపోయినా ఆమే చెప్పాలి. చెప్పాలంటే పాతికేళ్ల కిందటి ఆ కాగితాలు ఇంట్లో దాచి ఉంచాలి.