పనసపండుకు ఏ వ్యవస్థ మేలు?

మందసకు దగ్గరలోని మా ఊళ్లో పెద్దవాళ్లు ఇల్లు వాటాలు వేసుకున్నప్పుడు గోడలు, దూలాలు, చివరికి ఇత్తడి గంగాళాలు కూడా లెక్కప్రకారం పంచుకున్నారు గాని, పెరట్లోని పనసచెట్టు సంగతి మరిచిపోయారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను కూల్చేసినప్పుడు కూడా కొమ్మలు విరిగి ప్రాణంతో మిగిలిన ఆ చెట్టుకు మొదలు పెదనాన్నగారి వాటాలో ఉంది, కొమ్మలు బాబాయి పెరట్లోకి వాలాయి, ఈ ఏడు కాసిన కాయలన్నిటిలోకీ పెద్దదేమో గోడ దాటి పంచాయతీ సందు మీద వేలాడింది.

పెదనాన్నగారు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. బాబాయిది పలాసలో జీడిపప్పు వ్యాపారం. కాయను కోయడం కంటే దానిని ఏ సూత్రం ప్రకారం కోయాలన్న దాని మీదే ఇద్దరికీ మక్కువ ఎక్కువ. కాయ లేతగా ఉన్న రోజుల్లోనే ఆవ పెట్టి పొట్టు కూర వండేద్దామని పిన్ని అన్నది. పండు కావాలంటే కూర వదులుకోవాలి, కూర కావాలంటే పండు వదులుకోవాలి. ఆర్థికశాస్త్రంలో దీనినే అవకాశ వ్యయం అంటారని పెదనాన్నగారు ఆమెకు అరగంట సేపు వివరించేలోగా పొయ్యి మీద పప్పు మాడింది. ఆ వ్యయం ఎవరి ఖాతాలో రాయాలో ఆయన చెప్పలేదు.

బాబాయిది మార్కెట్ పక్షం. ఎవరి లాభం వారు చూసుకుంటే ఊరి లాభం చాలావరకు దానంతటదే సమకూరుతుందని ఆడమ్ స్మిత్ 1776లోనే చెప్పాడనీ, పలాసలో గుండు పప్పుకు ఒక ధర, బద్దకు మరో ధర పెడుతున్నది కొనేవాళ్ల గిరాకీయే తప్ప కలెక్టరుగారు కాదనీ, కాబట్టి పండును అమ్మేసి సొమ్ము పంచుకుందామనీ ఆయన వాదన. కొమ్మను మోస్తున్నది తన పెరడు గనుక తన వాటా కాస్త పెద్దదిగా ఉండాలన్నది ఆ వాదనకు చివర్లో, కొంచెం మెల్లగా చేర్చిన మాట.

పెదనాన్నగారు ఒప్పుకోలేదు. అమ్మితే పండు డబ్బున్నవాడి నోటికి పోతుందే గాని ఆకలి ఉన్న మనవడి నోటికి రాదన్నారు. 1951లో దేశం మొదటి పంచవర్ష ప్రణాళికతో బయలుదేరినట్టే ఆయన రూళ్ల నోటుబుక్కుతో బయలుదేరి, ఏ ఇంట్లో ఎన్ని నోళ్లున్నాయో, అందులో పళ్లున్న నోళ్లెన్నో రాసుకొచ్చారు. అయితే కోయనిదే కాయలో తొనలెన్నో తెలియదు, తొనలెన్నో తెలియనిదే ప్రణాళిక తెమలదు, ప్రణాళిక తెమలనిదే కోయడానికి ఆయన ఒప్పుకోరు. ఎక్కడ ఎంత సరుకుందో, ఎవరికి ఎంత కావాలో ఒక్క బల్ల దగ్గర కూర్చున్నవాడికి పూర్తిగా తెలిసే వీలు లేదని ఆర్థికవేత్త హయెక్ కేంద్ర ప్రణాళికను తప్పుపట్టాడు. మా బల్ల మీద నోటుబుక్కు, పక్కన కళ్లజోడు పెట్టె, పైన కాయ.

గ్రూప్-2కు చదువుతున్న మా మేనల్లుడు మధ్యేమార్గం తెచ్చాడు. 1956 పారిశ్రామిక విధాన తీర్మానం పదిహేడు పరిశ్రమలను ప్రభుత్వానికి అట్టేపెట్టి మిగతా చోట్ల ప్రైవేటుకూ తావిచ్చినట్టు, మనం కూడా మిశ్రమ ఆర్థిక వ్యవస్థ పెట్టుకుని తొనలు ప్రైవేటుకూ, పిక్కలు ఉమ్మడికీ, తొక్క ఆవుకూ కేటాయిద్దామన్నాడు. మొదలు తనది కదా అని పెదనాన్నగారు గద్దించగా, ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోంచి 1978 నాటి నలభై నాలుగో సవరణతోనే పోయిందనీ, ఇప్పుడది 300-ఎ అధికరణం కింద చట్టబద్ధమైన హక్కు మాత్రమేననీ గుర్తుచేశాడు. బాబాయి సంబరంగా తొడ చరిచారు. ఆ సవరణ కొమ్మలకూ వర్తిస్తుందని తెలిశాక చెయ్యి తీసేశారు. అంతలో వార్డు మెంబరు వచ్చి, సందు పంచాయతీది గనుక విషయం గ్రామసభలో పెడతానన్నాడు.

ఇలా శాసనశాఖ రాత్రింబవళ్లు పనిచేసింది గాని కార్యనిర్వాహక శాఖకే మనుషులు కరువయ్యారు. నిచ్చెన మెంబరుది, తాడు పెదనాన్నగారిది, కత్తి బాబాయిది. చెట్టెక్కేవాడు కూలి కింద సగం పండు అడిగాడు. ఉత్పత్తికి కావలసిన నాలుగు కారకాల్లో భూమి, శ్రమ, మూలధనం మూడూ ఒకే సందులో నిలబడి ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. నాలుగోదైన వ్యవస్థాపకుడు పలాస వెళ్లారు.

ఈలోగా పండు మాగింది. దాని వాసన అచ్చమైన ప్రజాసరుకు: ఒకరు పీల్చినంత మాత్రాన మరొకరికి తగ్గదు, డబ్బు కట్టనివాణ్ణి పీల్చవద్దనడానికీ వీల్లేదు. సందంతా ఉచితంగా పీల్చింది. ఊరి వెనుక జీడితోటల్లో తిరిగే ఎలుగుబంటి కూడా పీల్చింది. ఆ రాత్రి కుక్కలు ఒకటే మొరిగాయి, కొమ్మ విరిగిన చప్పుడైంది, ఎవరమూ తలుపు తీయలేదు. తెల్లారి చూస్తే సందు పొడవునా తొక్క, జిగురు, చీమలు.

అటవీశాఖ సిబ్బంది వచ్చి అడుగుజాడలు చూశారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు గనుక దాని జోలికి ఎవరూ పోరాదనీ, పండిన పళ్లను చెట్టు మీద ఉంచి ఎలుగులను ఊళ్లోకి రప్పించినందుకు చెట్టు యజమానితో మాట్లాడాలనీ అన్నారు. పెదనాన్నగారు మొదలు తనదైనా కాసింది కొమ్మ అన్నారు. బాబాయి కొమ్మ తనదైనా వేలాడింది సందులో అన్నారు. మెంబరు, సందు పంచాయతీదే గాని గాలి తమది కాదన్నాడు. మేనల్లుడు ఏదో అధికరణం చెప్పబోతే ముగ్గురూ కలిసి వాణ్ణి లోపలికి పంపేశారు.

వేసవంతా ఆ చెట్టుకు నీళ్లు పోసిన అప్ప మాత్రం ఎలుగు వదిలేసిన పిక్కలను ఒక్కొక్కటిగా ఏరి, మట్టి దులిపి చేటలో వేసుకుంటోంది. అందరి చూపూ చేట మీద పడేసరికి ఆమె తలెత్తింది.

"ఏటి బాబూ, ఇయేరుకోడానిక్కూడా మీటింగెట్టాలేటి?"