తులాల లెక్కన బూట్లు

తూకంలో రవ్వంత తేడా రాకూడదంటే బంగారం కొట్టుకే వెళ్లాలి. అందుకే మా పక్కింటి విశ్రాంత ఇంజనీరు గారు కొత్త పరుగు బూట్లను సంచిలో వేసుకుని, తెలిసిన షరాబు దగ్గరకు వెళ్లారు. త్రాసులో కాగితం పరిచి తూచారు. ఒక్కో బూటు 22 తులాలు. ఆయన ముఖం వాడిపోయింది. 2023 బెర్లిన్ మారథాన్‌లో టిగిస్ట్ అసెఫా 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లతో మహిళల ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు ఆమె కాలికున్న అడిడాస్ బూటు 138 గ్రాములట. అంటే 14 తులాలు కూడా లేదు! జత ధర మాత్రం 500 డాలర్లు.

దీన్ని నవ్వులాటగా తీసుకోవద్దని మనవి. ఒక్కో బూటుకు 100 గ్రాములు పెరిగితే పరుగెత్తేవారి ఆక్సిజన్ ఖర్చు దాదాపు 1 శాతం పెరుగుతుందని ప్రయోగశాలల్లో తేలిన సంగతే. ప్రతి అడుగుకూ కాలు ముందుకు ఊగాలి, ఆగాలి, మళ్లీ ఊగాలి. కొసన ఉన్న బరువు ఎక్కువ కూలి అడుగుతుంది. అదే నడుము దగ్గరైతే, ఆ 1 శాతం పెరగడానికి సుమారు కిలో బరువు కావాలి.

ఈ చివరి ముక్క ఇంజనీరు గారికి ప్రాణం లేచొచ్చేలా చేసింది. పాదం జూబ్లీహిల్స్, నడుము శివారు. గజం ధరలు ఒకటెలా అవుతాయి? వెంటనే పాదాల మీద కఠిన ఆంక్షలు వచ్చాయి. లేసుల కొసలు కత్తిరించారు, బూటు లోపలి మెత్త పీకేశారు, గోళ్లు కూడా తీసుకున్నారు. కేబీఆర్ పార్కు చుట్టూ ఒక చుట్టు నడిచొచ్చాక మాత్రం నెయ్యి కారప్పొడి ఇడ్లీలు రెండు ప్లేట్లు. నేను చూసిన చూపుకు ఆయన జవాబు ఒక్కటే: "అవి శివార్లలో పడతాయండీ."

అసలు బూట్లే మానేస్తే పోదా అన్నాను. 1960లో రోమ్ ఒలింపిక్ మారథాన్‌ను అబెబె బికిలా వట్టి కాళ్లతోనే గెలిచాడు కదా! ఆయన తడుముకోలేదు. అదే బికిలా 1964లో టోక్యోలో బూట్లు తొడుక్కుని ఇంకా తక్కువ సమయంలో గెలిచాడన్నారు. పైగా బూటు లేకపోతే నేల దెబ్బను కాచుకునే పని కండరాల మీద పడి, మిగిలిన తులాలన్నీ అక్కడే ఖర్చవుతాయట. కాదనడానికి లేదు. ఆయన చదువు పూర్తయింది, పరుగే ఇంకా మొదలు కాలేదు.

మొదలుపెట్టిన రోజున నెక్లెస్ రోడ్డులో రాత్రి కురిసిన వాన ఇంకా నిలిచే ఉంది. రెండు గుంటలు దాటారు, మూడోది దాటలేదు. తడిసిన బూటు సాయంత్రం షరాబు త్రాసులో 31 తులాలు తూగింది.

షరాబు వృత్తిధర్మంగా అడిగాడు: "బురదకు తరుగు తీసేయమంటారా?"