ఖరీదైన ఫ్రిజ్, అంతకన్నా ఖరీదైన తలనొప్పి

అంత డబ్బు పోసి కొన్న ఫ్రిజ్ దాని మానాన అది పనిచేసుకుపోవాలా వద్దా? అబ్బే! తలుపు మీద తెర, దానికి వైఫై, ఫోన్‌లో యాప్. ఇన్ని ఉన్నా కూరగాయల సొరుగు కింద నీళ్లెందుకు నిలుస్తున్నాయో ఒక్కటీ చెప్పదు. సర్వీసు వాళ్లకు ఫోన్ చేస్తే, చూడకుండానే "ఎలక్ట్రానిక్ బోర్డు మార్చాలేమో సార్" అంటారు. తీరా చూస్తే, కరిగిన మంచు నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రంలో ఓ ఆకు ముక్క, కాస్త జిగురు. సిరంజితో గోరువెచ్చటి నీళ్లు కొడితే గుటుక్కున దిగిపోయింది. ఇంతోటి దానికి బోర్డట!

ఇక కండెన్సర్ కాయిల్, అంటే ఫ్రిజ్ లోపలి వేడిని బయటికి వదిలే గొట్టాల చుట్ట. దుమ్ము పడితే వేడి బయటికి పోదు, కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది, కరెంటు లాగేస్తుంది. సరే, దులుపుదామంటే అది ఉన్నది అడుగున, స్క్రూలు బిగించిన జాలీ వెనక. చెయ్యి దూరదు. దీన్ని డిజైన్ చేసినాయన ఎప్పుడైనా దులిపాడా అని నా అనుమానం.

నీళ్ల ఫిల్టర్ లైటు మరీ దారుణం. తాగినా తాగకపోయినా నెలలు లెక్కపెట్టుకుని వెలుగుతుంది. కొత్తది వేసినా, బటన్ నొక్కిపట్టి రీసెట్ చేసేదాకా ఆరదు.

10 ఏళ్ల వారంటీ అని గొప్పగా స్టిక్కర్ ఒకటి. అది కంప్రెసర్‌కే. వదులైన డోర్ రబ్బరు సంగతి అడిగితే "అది వారంటీలో రాదు సార్".