చివరి 3.9 సెకన్లలో గుర్తొచ్చిందా రూల్?

2024 ఏప్రిల్‌లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో జరిగిన ఆ మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్ సెమీఫైనల్ గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయోవా 70, కనెక్టికట్ 69. మిగిలింది 3.9 సెకన్లు. బంతి కనెక్టికట్‌ది, చివరి షాట్ కోసం వాళ్ల స్టార్ పెయిజ్ బెకర్స్ పరుగెత్తుతోంది. సరిగ్గా అప్పుడే విజిల్! అయోవా అమ్మాయి గాబీ మార్షల్‌కి స్క్రీన్ పెడుతూ, అంటే ఆమె దారికి అడ్డంగా నిలబడుతూ, కనెక్టికట్ అమ్మాయి ఆలియా ఎడ్వర్డ్స్ కదిలిందట, ఫౌలట. బంతి పోయింది, 71-69తో మ్యాచ్ కూడా పోయింది.

స్క్రీన్ పెట్టే అమ్మాయి కాళ్లు దాదాపు భుజాల వెడల్పులోనే ఉంచి, కదలకుండా నిలబడాలి. రూల్ అదే. ఎడ్వర్డ్స్ కదిలింది, కాదనను. కానీ ఆ మాత్రం కదలికను ప్రతి మ్యాచ్‌లో ఎన్నిసార్లు చూసీచూడనట్టు వదిలేస్తారు? మొదటి క్వార్టర్‌లో ఆట అయినది ఆఖరి క్షణంలో నేరం ఎలా అవుతుంది? పైగా ఇలాంటి మామూలు ఫౌల్‌ని రీప్లే చూసి మార్చే వీలే లేదు. బంతి ఎవరికి తగిలి బయటికెళ్లిందో మాత్రం టీవీ ముందు నిలబడి మళ్లీ మళ్లీ చూస్తారు!

ఆ ఒక్క విజిల్ వల్లే ఓడిపోలేదని బెకర్స్ హుందాగా చెప్పింది. అది ఆమె పెద్దమనసు. నేను మాత్రం ఒప్పుకోను. పట్టుకుంటే మొదటి నిమిషం నుంచీ పట్టుకోండి, లేదా చివరిదాకా వదిలేయండి.