ఇన్‌స్టాల్ చేసినవాళ్లు వెళ్లిపోయాక

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేనందుకో, ప్రాసెసర్ కాస్త పాతదైనందుకో విండోస్ 11కు నోచుకోని కంప్యూటర్లు లెక్కలేనన్ని. కీబోర్డు బాగుంది, స్క్రీన్ బాగుంది, పని జరుగుతోంది. అయినా అవి పారేయాల్సిన సరుకులోకి చేరిపోయాయి. వాటిలో విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని వాడుకుందామని స్కూళ్లు, లైబ్రరీలు, చిన్న ఆఫీసులు ఆలోచించడం సరైనదే. మేమూ దాన్ని సమర్థిస్తున్నాం. మాకున్న పేచీ ఒక్కటే: ఈ ఆలోచనలన్నీ ఇన్‌స్టాలేషన్ దగ్గరే ఆగిపోతున్నాయి.

నిజానికి ఇన్‌స్టాలేషన్ ఇప్పుడు పెద్ద పని కాదు. ఐఎస్ఓ ఫైలు (ఇన్‌స్టాల్ చేయాల్సిన సిస్టమ్ మొత్తం ఉండే ఫైలు) దించుకుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానితోనే కంప్యూటర్ ఆన్ చేయొచ్చు. హార్డ్ డిస్కును ముట్టుకోకుండానే వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో తేలిపోతుంది. దించుకున్న ఫైలు అసలైనదేనా అని చెక్‌సమ్ (ఫైలు నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య), డిజిటల్ సంతకం సరిచూడటం చాదస్తమని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. 2016 ఫిబ్రవరిలో లైనక్స్ మింట్ అనే లైనక్స్ రకం వెబ్‌సైట్‌లోకి చొరబడినవాళ్లు డౌన్‌లోడ్ లింకునే దొంగ ఐఎస్ఓ వైపు మళ్లించారు. ఆ చాదస్తం అవసరమే. డిస్కు మొత్తం తుడిచేసే ఆప్షన్ నొక్కే ముందు బ్యాకప్ తీసుకోవాలని వేరే చెప్పాలా? చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ చాలామంది తీసుకోరు. ల్యాప్‌టాప్ అయితే డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయడం (పాస్‌ఫ్రేజ్ అనే పొడవైన పాస్‌వర్డ్ లేకుండా చదవలేనట్టు మార్చడం) మంచిది. కానీ ఆ పాస్‌ఫ్రేజ్ పోతే డేటా పోయినట్టే, ఎవరి కాళ్లు పట్టుకున్నా తిరిగి రాదు.

అసలు సంగతి ఆ తర్వాతే మొదలవుతుంది. సాధారణంగా జరిగేది ఇది. ఉత్సాహం ఉన్న ఉద్యోగి ఒకరు పూనుకుని అన్ని కంప్యూటర్లలో లైనక్స్ వేస్తారు. అందరూ మెచ్చుకుంటారు. కొన్నాళ్లకు ఆయన బదిలీ అవుతారు, లేదా ఉద్యోగం మానేస్తారు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరా ఉండదు, ఏ వెర్షన్ వేశారో రాసిన కాగితం ఉండదు. అప్‌డేట్ చేయమని స్క్రీన్ మీద వచ్చే మెసేజ్‌ను మూసేసి పని చేసుకోవడం అలవాటైపోతుంది. చివరికి ఏదో ఒకరోజు ప్రింటర్ మొరాయిస్తే, ‘లైనక్స్ ఇంతే’ అని తీర్పు ఇచ్చేస్తారు.

వెర్షన్ ఎంపికలోనే సగం కష్టం దాగుంది. లైనక్స్‌లో ఉబుంటు, డెబియన్, ఫెడోరా లాంటి రకాలున్నాయి. ఉబుంటులో రెండేళ్లకోసారి వచ్చే ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్టు ఉండే) వెర్షన్‌కు ఐదేళ్లు మామూలు సపోర్టు ఉంటుంది. మధ్యలో వచ్చే వెర్షన్లకు 9 నెలలే. డెబియన్ స్టేబుల్‌కు మూడేళ్లు, ఆపై ఎల్‌టీఎస్ బృందం చూసే మరో రెండేళ్లు. ఫెడోరాకు దాదాపు 13 నెలలు. కొత్తది కదా అని 9 నెలల వెర్షన్‌ను ఆఫీసు నిండా వేసి, మూడేళ్లు దాని మొహం చూడకపోతే ఆ తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు.

మెయింటెనెన్స్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టాలి. పడ్డాక అవసరమైతే రీబూట్ చేయాలి. చాలాచోట్ల తప్పేది ఇక్కడే. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ కొత్తది డిస్కు మీదికి చేరినా, రీబూట్ అయ్యేదాకా నడిచేది పాతదే. రీబూట్ చేయకుండానే కెర్నల్ లోపాలను సరిచేసే లైవ్ ప్యాచింగ్ లాంటి ఏర్పాటు లేకుండా, మా సర్వర్ ఏడాదిగా ఆగలేదని గొప్పలు చెప్పుకోవడమంటే ఏడాది నాటి లోపాలతో నడుస్తోందని ఒప్పుకోవడమే. కెర్నళ్లు ఉండే బూట్ పార్టిషన్ అనే డిస్కు భాగాన్ని చిన్నగా విడదీస్తే పాత కెర్నళ్లతో అది నిండిపోయి అప్‌డేట్లు మధ్యలో ఆగిపోతాయి. బయటి రిపాజిటరీలను (సాఫ్ట్‌వేర్ దించుకునే భాండాగారాలను) ఎడాపెడా చేర్చుకుంటే వెర్షన్ మారేటప్పుడు అవే అడ్డం తిరుగుతాయి. ఇంటర్నెట్‌లో కనిపించిన కమాండ్‌ను అర్థం చేసుకోకుండా అడ్మిన్ హక్కులతో నడిపించే అలవాటు అన్నిటికన్నా చెడ్డది. ఇక బ్యాకప్ అయితే, ఒకసారి దాని నుంచి ఫైళ్లు వెనక్కి తెచ్చి చూసేదాకా ఉన్నట్టు లెక్క కాదు.

లైనక్స్‌కు వైరస్‌ల టెన్షనే లేదనే మాట ఇంకా వినిపిస్తోంది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ బయటపెట్టిన సంగతి ఆ మాట అనేవాళ్లు తెలుసుకోవాలి. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లేందుకు వాడే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీస్తే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టినట్టు తేలింది. ప్రధాన లైనక్స్ రకాల స్టేబుల్ వెర్షన్లలోకి చేరకముందే దొరికింది కాబట్టి సరిపోయింది. అంతకన్నా ఆలోచించాల్సింది అది ఎలా లోపలికొచ్చిందన్నది. ఆ ప్రాజెక్టును చాలాకాలంగా జీతమేమీ లేకుండా ఒకే వ్యక్తి మోస్తూ అలసిపోయారు. సాయం చేస్తానంటూ వచ్చిన మారుపేరు మనిషి రెండేళ్లకు పైగా ఓపిగ్గా నమ్మకం సంపాదించి, ఆ తర్వాతే దెబ్బ కొట్టాడు. సోర్స్ కోడ్ అందరికీ కనిపించడం వల్లే ఇది దొరికిందన్నది నిజం. దాన్ని చూసుకునేవారికి తోడుగా ఎవరూ లేకపోవడం వల్లే ఇది జరిగిందన్నదీ అంతే నిజం.

సెంట్‌ఓఎస్ 8 అనే ఉచిత సర్వర్ లైనక్స్ వ్యవహారమూ ఇలాంటి పాఠమే. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయని నమ్మి ఎంతోమంది తమ సర్వర్లలో వేసుకున్నారు. 2021 చివరితోనే ఆపేస్తున్నట్టు దాని వెనకున్న రెడ్ హ్యాట్ కంపెనీ 2020 డిసెంబరులో ప్రకటించింది. కోడ్ అందుబాటులో ఉంది కాబట్టి నెలల్లోనే దానికి బదులుగా ఆల్మా లైనక్స్, రాకీ లైనక్స్ వచ్చాయి. ఓపెన్ సోర్స్ బలం అదే. కానీ ఆ ప్రకటన చదివి, ఏ దారిలో వెళ్లాలో తేల్చుకుని, సర్వర్లను గడువులోగా మార్చే మనిషి ఉన్న సంస్థలకే ఆ బలం అక్కరకొచ్చింది.

కాబట్టి లైసెన్సు ఖర్చు మిగిలిందని లెక్కలు చూపే సంస్థలు ఆ డబ్బులో కొంత ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్లను చూసుకునే ఉద్యోగి జీతానికి, శిక్షణకు కేటాయించాలి. మరికొంత తాము రోజూ వాడే ప్రాజెక్టులకు విరాళంగా పంపాలి. లైనక్స్‌కు మారుతున్నామని ఇచ్చే ఉత్తర్వులోనే వెర్షన్ పేరు, దాని సపోర్టు ముగిసే తేదీ, బాధ్యుడి పేరు, ఆయన లేనప్పుడు చూసుకునే రెండో వ్యక్తి పేరు ఉండాలి. ఆ రెండు పేర్లు రాయలేని ఆఫీసు ప్రస్తుతానికి మారకపోవడమే మేలు.